చప్పట్ల పగడం

మచిలీపట్నం, పరాసుపేట
20 జనవరి 2025

వదినగారికి,

ప్రభువు నామంలో వందనాలు. సుప్రియ నిన్న ఉదయం తూత్తుకుడి వెళ్ళింది. వెళ్ళే ముందు మన ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నెలకు ఒకసారైనా తొట్టెల సంగతి ఒకరికొకరం తెలియజేసుకోవాలట. ఫోనులో మాట్లాడబోతే నా చెవి మిషన్ ఈల వేస్తుంది. మీకు వాట్సాప్‌లో టైపు చేయడం పడదు. అందుకని ఉత్తరాలు. నాకు ఇదే నయం. కాగితం మీద పెట్టిన మాటను తరువాత కాదనడానికి ఉండదు.

ఆ తొట్టె సంగతి మీకు మొదటి నుంచీ తెలియదు కనుక చెబుతున్నాను. మన మనవరాలు బందరులో చదువుకున్న అయిదేళ్ళూ అది మా ముందుగదిలో, నా కుర్చీకి ఎదురుగా ఉంది. అందులోవి ఉప్పునీటిలో బతికే మెత్తని పగడాలు. పెంపకందారుల దగ్గర కొన్నవి, సముద్రంలో విరిచినవి కావు. వాటితో పాటు ఒక చేప, నాచు తినే నత్తలు కొన్ని ఉన్నాయి. పుట్టగొడుగులా ఉండేది తోలు పగడం. రంగు రంగులుగా రాతికి అతుక్కుని ఉండేవి బొత్తాల పగడాలు. చిన్న చిన్న చేతులు మూస్తూ తెరుస్తూ ఉండేదానికి సుప్రియే చప్పట్ల పగడం అని పేరు పెట్టింది. నేను బడి నుంచి రిటైరైన రోజు సాయంత్రం, "చూడు నాయనమ్మా, నీకే కొడుతోంది" అంది.

ఇప్పుడు ఆ తొట్టెను రెండు చేసి సగం మీ ఇంటికి తెచ్చింది. "ఒకచోట ఏదైనా జరిగితే ఇంకోచోట మిగులుతాయి, అందరూ ఇలాగే చేస్తారు" అంది. అందరూ చేయవచ్చు. మా ఇంట్లో ఏదైనా ఎందుకు జరుగుతుందో నాకు అర్థం కాలేదు. చప్పట్ల పగడంలో మీకు వచ్చిన ముక్క పెద్దది. కోస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను.

జూన్‌లో శిక్షణ ముగించుకుని వచ్చి బంటుమిల్లిలో ఆక్వా ల్యాబులో చేరుతుంది. బంటుమిల్లికి బందరు నుంచీ బస్సుంది, గుడివాడ నుంచీ ఉంది. "పగడాలు ఎవరింట్లో బాగుంటే అక్కడే పెద్ద తొట్టె పెట్టుకుని ఉండిపోతాను" అని నవ్వుతూ అంది. నవ్వుతూ అన్నవన్నీ చేసే పిల్ల అని మీకూ తెలుసు.

ఇక పద్ధతి. తొట్టెలో నీరు రోజూ కొంత ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి. సుప్రియ ఫిల్టరు కింద పట్టిన నీళ్ళు అలాగే పోసేది. నేను అలా చేయను. ఆ నీళ్ళను మా అత్తగారి రాగి బిందెలో రాత్రంతా నిలవ ఉంచి, ఉదయం ప్రార్థన కాగానే పోస్తాను. ఈ ఇంట్లో మనుషులు తాగేది అవే నీళ్ళు. ఆ పిల్ల పగడాలకు అంతకంటే తక్కువ నీళ్ళు పోయలేను. మీ దగ్గర రాగి బిందె ఉండకపోవచ్చు. లేకపోయినా ఫర్వాలేదు.

మీ రైళ్ళు పోయినప్పుడు తొట్టె అదరకుండా అడుగున మందపాటి గుడ్డ వేయండి.

దయామణి


గుడివాడ, రైల్వే స్టేషను వెనక వీధి
3 ఫిబ్రవరి

దయామణి వదినగారికి వీరమ్మ వందనాలు.

నాది టీచరు చేతిరాత కాదు, సర్దుకుని చదువుకోండి. తొట్టె ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా చూసి చివరికి సుప్రియ చిన్నప్పుడు పడుకున్న మూలలోనే పెట్టించాను. పదో తరగతి దాకా అది ఈ ఇంట్లోనే పెరిగింది కదా, ఆ మూలంటే దానికి ప్రాణం. "అక్కడైతే నాకు బెంగుండదు అమ్మమ్మా" అంది. బందరులో బెంగపడిందని కాదు లెండి.

మీరు చెప్పినట్టు గుడ్డ వేశాను. వేసినా రైలు పోతే కాస్త అదురుతుంది. అదిరితే ఇవి ఇంకా హుషారుగా ఉంటున్నాయి. చప్పట్ల పగడం పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపదు. మొన్న సుప్రియ వీడియో కాల్ చేసింది. నేను ఫోను తొట్టెకు ఎదురుగా డబ్బాకి ఆనించి, వంట చేసుకుంటూ తిరుగుతున్నాను. అది అట్లాగే చూస్తూ కూర్చుంది. "అమ్మమ్మా, నువ్వు పోపు పెడుతున్న చప్పుడు వినపడుతోంది, ఇంట్లో ఉన్నట్టే ఉంది" అంది. మీకు చెవుల ఇబ్బంది కాబట్టి అట్లా కుదరదు, పాపం.

రాగి బిందె మాకెక్కడిది వదినగారూ. ప్లాస్టిక్ టిన్నులో పట్టి పోస్తున్నాను. మీది పెద్దింటి వ్యవహారం. అయినా ఇవి కులాసాగానే ఉన్నాయి. తోలు పగడం విచ్చుకుంటే నా అరచేయంత అవుతోంది. మీది ఎంత ఉంది?

నల్లచారల నత్తలు నాలుగు ఇచ్చింది కదా, అవి అద్దం మీద నాచు తింటూ బలే తిరుగుతున్నాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

వీరమ్మ


మచిలీపట్నం
26 ఫిబ్రవరి

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. పోపు సంగతి తొట్టె నివేదికలోకి రాదు.

ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. తోలు పగడం ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటోంది. పైన మైనం లాంటి పొర కట్టి కొన్నాళ్ళు ముడుచుకుని ఉండి, పొర వదిలాక మళ్ళీ విచ్చుకోవడం దాని స్వభావం. ఇది సుప్రియే చెప్పింది, కాబట్టి దాని అరచేతి కొలత ఈసారి రాయడం లేదు. చప్పట్ల పగడం కొంచెం నిదానించింది. చలికాలం వెళ్ళి ఎండలు వస్తున్నాయి, ప్రతి జీవికీ ఒక మార్పు ఉంటుంది.

ఈ కింది సంగతులు రాయండి. నాకు అవసరమై కాదు. పోల్చి చూసుకోవడం పద్ధతి కనుక అడుగుతున్నాను. దీపం ఎంతసేపు వెలిగిస్తున్నారు? ఉప్పు ఎంత చూపిస్తోంది? మేత రోజూ వేస్తున్నారా, రోజు విడిచి రోజా? మధ్యాహ్నం నీళ్ళు వెచ్చబడితే ఫ్యాను పెడుతున్నారా? మీరు వేరే ఏదైనా మందు కలుపుతున్నారా? సుప్రియ మీకు విడిగా ఏదైనా చెప్పి, నాకు చెప్పకుండా ఉంటే అది కూడా రాయండి. నేనేమీ అనుకోను.

తొట్టె ఫోటో కావాలని సుప్రియ అడిగితే పంపాను. చాలా సంతోషించింది. "నాయనమ్మా, నాకంటే నువ్వే బాగా చూస్తున్నావు" అని జవాబిచ్చింది. ఆ మాట మీకు తెలియజేయడం నా ధర్మం.

దయామణి


గుడివాడ
11 మార్చి

వదినగారికి,

ఆ ఫోటో నాకూ పంపించింది సుప్రియ. "చూశావా అమ్మమ్మా, నాయనమ్మ తొట్టె అచ్చం నేను వదిలి వెళ్ళినట్టే ఉంది" అని ఒకటే పొంగిపోవడం. ఉన్నమాట చెబుతున్నాను, ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇక్కడ ఇంత పోపు చప్పుడు విన్న పిల్ల, ఒక్క ఫోటోకి అటు తిరిగిపోయింది.

మర్నాడే బజారుకెళ్ళి రాగి బిందె కొన్నాను. కొట్టాయన, "ఈ వయసులో ఇంత బిందె ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు. "సముద్రంలో పోస్తాను" అన్నాను. "గుడివాడలో సముద్రం ఎక్కడుందమ్మా?" అన్నాడు. "మా ఇంట్లో" అన్నాను. ఇప్పుడు మేమూ మీలాగే రాత్రి నిలవుంచి పొద్దున పోస్తున్నాం. బిందె నీళ్ళు పడ్డాక పగడాలు ఇంకా తెగ ఆడుతున్నాయి. మంచి మాట చెప్పారు.

మీ ప్రశ్నలకు జవాబులు. దీపం పొద్దున తొమ్మిదికి వేసి సాయంత్రం ఆరింటికి తీస్తాను. ఉప్పు ముప్పై అయిదు. మేత రోజు విడిచి రోజు. ఫ్యాను పెడుతున్నాను. మందులేమీ లేవు. సుప్రియ నాకు విడిగా ఏం చెబుతుంది వదినగారూ, చెప్పేదంతా మీకే చెబుతుంది. అయిదేళ్ళ క్రితం పెట్టె సర్దుకుని బందరు వెళ్తానన్నప్పుడు కూడా ముందు మీకే చెప్పింది, తర్వాత నాకు.

మీ తోలు పగడం నిద్ర లేచిందా?

వీరమ్మ


మచిలీపట్నం
2 ఏప్రిల్

వదినగారికి,

మా తోలు పగడం బాగుంది. ఈ ఉత్తరం వేరొకరి విషయమై రాస్తున్నాను.

మా వీధిలో తెలిసినవారు ఒకరు ఇలాంటి తొట్టె పెట్టుకున్నారు. చదువుకున్నవారే. వారి తొట్టెలో పగడాలన్నీ ముడుచుకుపోయాయి. బొత్తాలు మూసుకున్నవి మూసుకున్నట్టే ఉన్నాయి. చప్పట్ల పగడం కాడలు వాలిపోయి, కొసలు కరిగిపోతున్నాయి. నత్తలు అద్దం మీద నుంచి జారి ఇసుకలో వెల్లకిలా పడుతున్నాయి. తిరగేసి పెడితే మళ్ళీ పడుతున్నాయి. చేప మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

వారు క్రమంగా ఒక్కొక్క కారణమే పరీక్షించారు. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి అనుకుని ఫ్యాను రెండోది పెట్టారు, మార్పు లేదు. దీపం తగ్గించారు, మార్పు లేదు. మేత కుళ్ళుతోందేమోనని అమ్మోనియా చూశారు, లేదు. సముద్రపు నీటి మీద నమ్మకంతో మంగినపూడి నుంచి తెచ్చి పోద్దామన్నారు. ఆ నీటిలో బురదా నదినీరూ కలిసి ఉంటాయని నేనే వారించాను.

వారు కూడా రాగి బిందె నీళ్ళే పోస్తారు. ఒకనాడు దాని మీదే అనుమానం వచ్చింది. లోహం కొంచెంకొంచెంగా నీటిలోకి దిగవచ్చు. నీరు ఆవిరైనా అది పోదు, రోజురోజుకూ పేరుకుంటుంది. ఆ పూట బిందెను పక్కన పెట్టడం కూడా జరిగింది. అంతలో మీ ఉత్తరం గుర్తుకు వచ్చింది. మీరూ బిందె నీళ్ళే పోస్తున్నారు, మీ పగడాలు ఇంకా ఆడుతున్నాయని రాశారు. అదే నీరు ఒకచోట చంపి ఇంకొకచోట ఆడించదు కదా. మీ మాట మీద ఆ అనుమానం కొట్టివేసి, మళ్ళీ బిందె నీళ్ళే పోస్తున్నాను.

మీ నత్తలు ఎలా ఉన్నాయి? ఒక్క మాట చాలు. వెంటనే రాయండి.

దయామణి


గుడివాడ
12 ఏప్రిల్

వదినగారికి,

ఆ తెలిసినవారు ఎవరో గానీ వారి బాధ చదివి నాకు చాలా దిగులేసింది. చదువుకున్నవారికి కూడా ఇలా అవుతుందన్నమాట.

మా నత్తలు బాగున్నాయి. ఎక్కువగా ఇసుకలోనే ఉంటున్నాయి. ఎండాకాలం కదా, వాటికీ నేల చల్లగా ఉంటుందేమో.

వారి తొట్టె ఇప్పుడు ఎలా ఉంది? దేనివల్లో తెలిసిందా? ఏం వేస్తే తగ్గింది? కాడలు కరగడం మొదలైతే ఆగుతుందా, మొత్తం పోతుందా? ఇదంతా మా కోసం కాదు. ఇక్కడ రైల్వే క్వార్టర్సులో నాకు తెలిసినవారు ఒకరు తొట్టె పెట్టుకున్నారు. ఆవిడకు చెబుదామని అడుగుతున్నాను. ఆవిడ చాలా కంగారుపడుతోంది. మనవరాలికి ఏం చెప్పాలో తెలియడం లేదని ఏడ్చింది కూడా.

ఈమధ్య సుప్రియ వీడియో కాల్ చేసినప్పుడల్లా ఇక్కడ కరెంటు పోతోంది. మీతో మాట్లాడితే అమ్మమ్మ కులాసాగా ఉందని చెప్పండి.

వీరమ్మ


మచిలీపట్నం
21 ఏప్రిల్, ఈస్టర్ మర్నాడు

వదినగారికి,

ఈ ఉత్తరం మా తమ్ముడు రాజారత్నం మీ చేతికిస్తాడు. మీరు చదవడం పూర్తయ్యేదాకా కదలవద్దని చెప్పాను. వాడి ఎదుటే చదవండి.

నిన్న ఆరాధన అయ్యాక వాడు కోడూరు నుంచి భోజనానికి వచ్చాడు. రొయ్యల చెరువుల కబుర్లు చెబుతూ, "రొయ్యపిల్ల వదలడానికి ముందు ఒక చెరువులో నత్తలు పట్టాయక్కా. మైలుతుత్తం వేయించాను. రెండోనాటికి అన్నీ వెల్లకిలా పడ్డాయి. అచ్చం గుడివాడ వీరమ్మ అక్కగారి తొట్టెలో లాగే" అన్నాడు.

"నువ్వు గుడివాడ ఎప్పుడు వెళ్ళావు?" అన్నాను.

"బుధవారం. తొట్టె చూసి పొమ్మని పిలిపించింది. నీతో చెప్పొద్దంది. చెప్పనని మాట కూడా ఇచ్చాను."

"మరి ఎందుకు చెబుతున్నావు?"

"ఇందాక ముందుగదిలో నీ తొట్టె కూడా చూశాను కదక్కా" అన్నాడు.

వాడి మీద కోప్పడకండి. ముందు నాకు కలిగింది సంతోషం. మీ తొట్టె కూడా పోతోందని విన్నప్పుడు అప్పడం ఇంకొకటి వేయించుకున్నాను. ఆ సంతోషం పెరుగన్నం దాకా నిలవలేదు. మైలుతుత్తం అంటే రాగి ఉప్పు. నేను ఉద్యోగం చేసినంతకాలం ఆ నీలం స్ఫటికాలను గాజు గిన్నెలో పెట్టి పిల్లలకు చూపించినదాన్ని. చేపలు తట్టుకునేంత రాగి కూడా నత్తలకూ పగడాలకూ విషమే. నా చేప ఎందుకు కులాసాగా తిరుగుతోందో చేయి కడుక్కోకముందే తెలిసింది.

మీకు రైళ్ళున్నాయి, మాకు లేవు. మాకు ఉప్పుగాలి ఉంది, మీకు లేదు. మీ దీపం వేరు, మా దీపం వేరు. రెండిళ్ళలోనూ ఒకేలా ఉన్నది బిందె. పగడాలు బాగుంటే మీవి, చెడితే నావి అనుకుని ఇన్నాళ్ళూ తేడాలు వెతికాను. మీవి కూడా చెడుతున్నాయని మార్చిలో రాసి ఉంటే ఆ రోజే పట్టుకునేదాన్ని. మావి చెడుతున్నాయని నేను ఫిబ్రవరిలో రాసి ఉంటే మీరు బజారుకే వెళ్ళేవారు కాదు. మీ అబద్ధం కంటే నాది నెల ముందుది. సుప్రియకు పంపిన ఫోటో జనవరిలో తీసింది. మా వీధిలో ఎవరికీ తొట్టె లేదు. మీ క్వార్టర్సులోనూ లేదని నా నమ్మకం.

నా దగ్గర చప్పట్ల పగడం పూర్తిగా పోయింది. బొత్తాలు పోయాయి. తోలు పగడం ఒకటి, సగానికి కుంచించుకుపోయి, ఇంకా రాతిని పట్టుకుని ఉంది. మీ చప్పట్ల పగడంలో ఒక కాడ మాత్రం మెల్లగా చేతులు తెరుస్తోందని రాజారత్నం చెప్పాడు. మీ ముక్క పెద్దదని నేను అలిగాను. పెద్దది కాబట్టి, బిందె మీ ఇంటికి ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఆ కాడ మిగిలింది. అది మా ఇంట్లో మిగలనందుకు నాకు కష్టంగానే ఉంది. ఇంక ఇలాంటివి దాచి ప్రయోజనం లేదు. పోపు చప్పుడు గురించి కూడా నాకు కష్టంగానే ఉంది.

ఇక జరగవలసినవి ఇవి:

1. బిందె నీళ్ళు ఈ క్షణం నుంచి తొట్టెలో పోయకూడదు. బిందె మీరు తాగడానికి ఉంచుకోండి. కొట్టాయన అడిగితే సముద్రం నిండిందని చెప్పండి.

2. పాత తొట్టెలో రాళ్ళూ ఇసుకా రాగిని పట్టుకుని మెల్లగా వదులుతుంటాయి. పగడాలను అందులో ఉంచకూడదు. ఈ రోజే కొత్త ప్లాస్టిక్ టబ్బు కొని, టిన్నులో పట్టిన ఫిల్టరు నీళ్ళలో ప్యాకెట్ ఉప్పు కలిపి ముప్పై అయిదుకు తెచ్చి, గాలి గొట్టం పెట్టి ఉంచండి. రాజారత్నం సాయం చేస్తాడు.

3. వాడు రెండు తొట్టెల నీళ్ళూ సీసాల్లో పట్టుకుని వెళ్ళి ల్యాబులో రాగి పరీక్ష చేయిస్తాడు. నా ఊహ తప్పని తేలితే అది కూడా కాగితం మీద పెడతాను.

4. టబ్బు మీ ఇంట్లోనే ఉంటుంది. ఆ కాడను ప్రయాణం చేయించకూడదు. సుప్రియ పడుకున్న మూలలోనే పెట్టండి.

5. నా తోలు పగడాన్ని డబ్బాలో పెట్టుకుని బుధవారం ఉదయం బస్సులో నేనే వస్తాను. జూన్ దాకా మీ దగ్గరే ఉంటాను. మంచం టబ్బు పక్కన వేయించండి. రైళ్ళ గొడవ లేదు, చెవి మిషన్ తీసేసి పడుకుంటాను.

6. బుధవారం సాయంత్రం సుప్రియకు వీడియో కాల్ చేయాలి. కరెంటు ఉంటుంది. జరిగింది నేను చెబుతాను. మీరు ఫోను కాడ వైపు తిప్పి పట్టుకోండి. ఏడవకూడదు. ఆ తర్వాత పోపు పెట్టుకోవచ్చు.

7. ఎవరింట్లో ఉంటావని దాన్ని మనం అడగకూడదు. ఉత్తరంలో గానీ, వండి పెట్టేటప్పుడు గానీ.

8. జూన్‌లో అది గుడివాడ స్టేషనులో దిగినప్పుడు ఇద్దరం కలిసే ఎదురు వెళ్ళాలి. ముందు అమ్మమ్మా అందో, నాయనమ్మా అందో ఇద్దరిలో ఎవరూ గమనించకూడదు. మొదటి ఏడింటికీ నాది పూచీ. ఈ ఎనిమిదోదానికి మాట ఇవ్వలేను.

దయామణి